ఊరి కావలి ఎవరిది?

"పక్క ఊర్ల దొంగలు పడ్డరంట." ఈ ఒక్క మాట చాలు, ఊరికి నిద్ర పట్టదు. పగలంతా పొలంలో నడుము వంచి వచ్చిన కూలీ మనిషి రాత్రి తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడి లేస్తాడు. కుక్క మొరిగితే వాడంతా లేచి కూర్చుంటుంది. తెల్లారితే పనికి పోవాలె. పోతే ఇంటికాడ ఎవరుంటరు? పోకుంటే పొయ్యి ఎట్ల మండుతది?

జగిత్యాల జిల్లా బీర్పూర్ వైపు ఊళ్లను తీసుకోండి. ఒకవైపు గుట్టలు, అడవి. ఇంకోవైపు రోళ్లవాగు నీళ్లమీద ఆధారపడ్డ పొలాలు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు సారంగాపూర్ నుండి వేరై బీర్పూర్ మండల కేంద్రమైంది. మండలం వచ్చింది గాని బతుకుదెరువు రాలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో వయసులో ఉన్నవాళ్లు దుబాయికో, మస్కట్‌కో, సౌదీకో పోయినారు. ఇంకొందరు భివండి, ముంబయి దారి పట్టినారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, పసిపిల్లలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. కొన్ని ఇళ్లకు తాళాలు వేలాడుతున్నాయి. తాళం అంటే ఇంటికి రక్ష అనుకుంటాం. కాని దొంగకు అదే గుర్తు. ఇంట్లో మనుషులు లేరని బజారున నిలబడి చెప్పేది ఆ తాళమే.

ఇలాంటి ఊళ్లలో వరుసగా దొంగతనాలు జరిగితే జనం ఏం చేయాలి? చేతులు కట్టుకొని కూర్చోవాలా? కర్రలు పట్టుకొని కనిపించిన కొత్త మనిషి మీద పడాలా? ఈ రెండూ కాని మూడో దారి ఒకటున్నది. దాని గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

పోయేది ఎవరి సొమ్ము?

దొంగతనం అనగానే షావుకారు ఇంటి ఇనప్పెట్టె గుర్తుకొస్తుంది. కాని పెద్ద మేడకు ఇనుప గేటు, కుక్క, కెమెరా ఉంటాయి. రేకుల ఇంటికి ఒక గొళ్లెం, ఒక తాళం కప్ప. అక్కడ పోయేది ఆడబిడ్డ పెండ్లికని తులం తులం కూడబెట్టిన బంగారం. గల్ఫుకు పోయిన కొడుకు పంపిన పైసలు. బీడీల కార్ఖానాలో లెక్క చూసుకొని తెచ్చుకున్న కూలీ.

లెక్క వేసి చూద్దాం. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం ధర లక్ష రూపాయలు తాకింది. 2025-26కు తెలంగాణలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. అంటే తులం బంగారం పోతే 325 రోజులకు పైబడిన కూలీ పోయినట్లు. ఆ పథకం కింద చట్టం హామీ ఇచ్చింది ఏడాదికి వంద రోజులే. మూడేళ్లకు పైగా గడ్డపార పట్టి, ఒక్క పైసా తినకుండా దాచితే తప్ప ఆ తులం తిరిగి రాదు. బంగారం ధర పెరిగినకొద్దీ దొంగకు పల్లె మీద కన్ను పెరుగుతుంది.

ఇక పొలంకాడ. బావికాడ మోటరు, స్టార్టరు డబ్బా, రాగి కేబులు. ట్రాన్స్‌ఫార్మర్ పగులగొట్టి, నూనె పారబోసి, లోపలి రాగి తీగ చుట్టలు ఎత్తుకుపోవడం తెలంగాణ పల్లెలు చాలాకాలంగా చూస్తున్న సంగతే. దొంగకు మిగిలేది తుక్కు ధర. రైతుకు పోయేది తడి అందక ఎండిన మడి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిమంది రైతులు ఉంటే పదిమంది పంటా అపాయంలో పడుతుంది. ఆ పంట కోతకు పోవలసిన కూలీల పనిదినాలూ పోతాయి. రైతు ఇంట్లో దొంగ పడితే కూలీకేమి అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పాలి.

చట్టం చేసిన కొత్త లెక్క

2024 జూలై 1 నుండి దేశంలో పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఇందులో పేదవాడికి తగిలే మెలిక ఒకటున్నది. ఊళ్లో చాలామందికి అది ఇంకా తెలియదు.

పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయితే, అది మామూలు దొంగతనం అయితే, కొత్త చట్టం దాన్ని పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయదగిన నేరాల జాబితాలోంచి తీసివేసింది. ఠాణాలో డైరీలో రాసుకొని, ఫిర్యాదు చేసిన మనిషిని మేజిస్ట్రేటు దగ్గరకు పొమ్మంటారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటేనే దర్యాప్తు. ఐదు వేలు కొందరికి ఒక పూట ఖర్చు. చెట్టుకింద నిలిపిన పాత సైకిలు, మందు కొట్టే పంపు, నాలుగు కోళ్లు పోయిన కూలీకి అది నెల బతుకు. సొత్తు చిన్నదైతే నేరం చిన్నది అన్నారు. సొత్తు చిన్నదైన మనిషి బాధ ఎంతో ఎవరు కొలిచినారు?

అయితే ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. మనుషులు కాపురముండే ఇంట్లోంచి గాని, వస్తువులు భద్రపరుచుకునే కొట్టంలోంచి గాని పోతే అది వేరే సెక్షను, 305. తాళం పగులగొట్టి, గోడకు కన్నం వేసి చొరబడితే దానికి 331 ఉన్నది. వీటికి ఐదువేల మెలిక వర్తించదు. కాబట్టి ఫిర్యాదులో "నా కేబులు పోయింది" అని ఒక్కమాట రాసి ఊరుకోవద్దు. ఎక్కడినుండి పోయింది, తాళం ఉన్నదా, ఎట్లా పగిలింది, అదే రాత్రి ఇంకెవరివి పోయినాయి, అన్నీ జరిగింది జరిగినట్లు రాయాలి.

"బంగారానికి రసీదు ఏది?" అన్న ప్రశ్నకు జడిసి వెనక్కు వచ్చేవాళ్లున్నారు. అమ్మగారు పెట్టిన పుస్తెలకు రసీదు ఎక్కడిది? ఎఫ్ఐఆర్ నమోదుకు రసీదు షరతు కాదు. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు చేయదగిన నేరానికి ఠాణాలో రాసుకోమంటే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అదీ కాకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఇది ఎవరి దయా కాదు, కొత్త సంహితలో 173వ సెక్షను ఇచ్చిన హక్కు.

కర్ర అనుమానం చేతికి పోతే

ఇప్పుడు అసలు భయం సంగతి. 2018 మే నెలలో తెలంగాణలో జరిగింది మనం మరచిపోరాదు. పార్థీ ముఠాలు దిగినయి, బీహారోళ్లు వచ్చిండ్రు, రాత్రిపూట ఇండ్లు దోస్తున్నరు, పిల్లల్ని ఎత్తుకపోతున్నరు అని సెల్‌ఫోన్లలో వాట్సాప్ కబుర్లు తిరిగినాయి. ఎక్కడివో బొమ్మలు, ఎప్పటివో వీడియోలు. వాటికింద మన ఊరి పక్క ఊరి పేరు. చూసినవాడు పదిమందికి పంపినాడు. పోలీసులు ఇది అబద్ధం అని చెప్తూనే ఉన్నారు. పల్లెల్లో మాత్రం కుర్రవాళ్లు కర్రలు పట్టుకొని రాత్రుళ్లు తిరిగినారు.

ఫలితం ఏమైంది? మన జిల్లా పక్కనే నిజామాబాద్ జిల్లా భీంగల్ మండలంలో ఒక మనిషిని కొట్టి చంపినారు. యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగర్ మండలంలో చుట్టాల ఊరికి వచ్చిన ఒక ఆటో డ్రైవరును కొట్టి చంపినారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో రంజాను మాసంలో అడుక్కోవడానికి వచ్చిన ఒక హిజ్రాను గుంపు చంపింది. వీళ్లలో ఒక్కరూ దొంగ కాదు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కాదు. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లను ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపినారు. ఊరి పంచాయతీ ఆఫీసులో! ఆ తర్వాత గాని వాట్సాప్ కంపెనీ ఒక కబురును ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు.

చచ్చినవాళ్లు ఎవరు? ఆటో నడుపుకునేవాడు, అడుక్కునేవాడు, సంచి భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు. మరి జైలుకు పోయేది ఎవరు? అదే రాత్రి కర్ర పట్టిన మన ఇంటి పిల్లలు. కబురు మొదట పుట్టించినవాడు మాత్రం ఏ ఊర్లోనో హాయిగా నిద్రపోయినాడు. పేదవాడి చేతితో పేదవాడిని చంపించి, కేసు ఇంకో పేదవాడి మెడకు చుట్టడం, గుంపు చేసే న్యాయం ఇదే.

2018 జూలై 17న సుప్రీంకోర్టు గుంపు హత్యల మీద తీర్పు చెప్పింది. వీటిని ఆపేందుకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని బాధ్యుడిగా పెట్టమన్నది. ఇప్పుడు న్యాయ సంహిత 103వ సెక్షనులో, ఐదుగురు అంతకు మించి కలిసి కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో మనిషిని చంపితే గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్షో యావజ్జీవమో అని రాసి ఉన్నది. "నేను రెండు దెబ్బలే కొట్టిన" అంటే చెల్లదు.

ఇదే 2018లో ఇంకో సంగతీ జరిగింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఈ కబుర్లను ముందే పసిగట్టి కానిస్టేబుళ్లను ఊరూరికి పంపినారు. డప్పు కొట్టించి, పాట కట్టించి, నాలుగు వందలకు పైగా ఊళ్లలో అబద్ధపు కబురును నమ్మవద్దని చాటించినారు. ఆ ఊళ్లలో ప్రాణం పోలేదు. సెల్‌ఫోను కబురును డప్పు చాటింపు ఓడించింది. డప్పు మన చేతిలో ఉన్నది. సంఘాలు ఉన్నాయి. పోలీసు చేయగలిగిన ఈ పని సంఘం ఎందుకు చేయలేదు అని మనల్ని మనం అడుగుకోవాలి.

పాత ముద్ర ఇంకా పోలేదు

ఊళ్లో దొంగతనం జరగ్గానే కన్ను ఎవరి మీద పడుతుంది? ఊరవతల గుడారం వేసిన వాళ్లమీద. గంగిరెద్దులోళ్లు, బుడిగ జంగాలు, మందులు అమ్మేవాళ్లు, వెంట్రుకలకు గిన్నెలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు వీళ్లకు తోడు రైసుమిల్లులో బస్తాలు మోయడానికి, నాట్లు వేయడానికి వచ్చిన బీహారు కూలీలు.

ఈ చూపు ఊరికే రాలేదు. 1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే దొంగ అని కొన్ని కులాలకు మొత్తంగా ముద్ర కొట్టింది. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటు పేరుతో కట్టడి చేసి ఉంచింది ఈ చట్టం కిందనే. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ కులాలు విముక్త జాతులైనాయి. కాని కాగితం మీద పోయిన ముద్ర కండ్లలోంచి పోలేదు. జైలు నియమాల్లో కులాన్ని చూసి పని చెప్పడం, విముక్త జాతులవాళ్లను అలవాటు నేరస్థులుగా లెక్కగట్టడం చెల్లదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

మన ప్రాంతానికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1978 నాటికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో దొరల గడీల ముందు పంచాయితీలు ఎట్లా జరిగేవో పెద్దమనుషులను అడగండి. గొడ్డు చేలో పడితే దండుగ. కొమ్మ విరిస్తే దండుగ. వెట్టికి రానంటే ఏదో ఒక నేరం. రుజువు ఏమిటి? దొర నోటి మాటే రుజువు. ఆ ఏడాది రైతుకూలీ సంఘాలు లేచి, వెట్టి ఆపించి, దొరలు తిన్న దండుగలను వాపసు కక్కించినాయి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల పట్నం కూలీ రైతులతో నిండిపోయింది. ప్రభుత్వం అక్టోబరులో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

రుజువు లేకుండా దొంగ అనిపించుకొని దండుగలు కట్టిన వాళ్ల మనుమలం మనం. మనకంటే బీదవాడిని రుజువు లేకుండా దొంగ అని కట్టేస్తే, నాటి గడీ అరుగు మీద కూర్చున్న దొరకూ మనకూ తేడా ఏమిటి?

కావలి కొత్త వెట్టి కారాదు

మరి దొంగను పట్టవద్దా? పట్టాలె. ఊరు కాపాడుకోవాలె. కాని ఎవరు కాపాడాలి?

నిజాం కాలం నుండి పల్లెకు కావలికారు, మస్కూరి, సుంకరి ఉండేవాళ్లు. ఎక్కువగా దళితులు, వెనుకబడ్డ కులాలవాళ్లు. రాత్రి ఊరు కాయడం, పగలు పటేలు వెంట తిరగడం, దొంగతనం జరిగితే మొదటి తన్ను తినడం, అన్నీ వాళ్లవే. తర్వాత వాళ్లనే గ్రామ రెవెన్యూ సహాయకులన్నారు. 2022లో వాళ్లు నెలల తరబడి సమ్మె చేసినారు. 2023లో ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దుచేసి వాళ్లను వేర్వేరు శాఖల్లో సర్దింది. పేస్కేలు కోసం పోరాడిన వాళ్లకు అది గెలుపు. అందులో సందేహం లేదు. కాని ఊరి రాత్రి కావలికి మనిషి లేకుండా పోయినాడు. ఆ ఖాళీని ఇప్పుడు ఎవరితో నింపుతారు?

దొంగల భయం పుట్టగానే పెద్ద ఇండ్లవాళ్లు అనేది ఒకటే. "వాడకట్టు పోరగాళ్లు గస్తీ తిరగున్రి." పగలు వాళ్ల పొలంలో కూలీ, రాత్రి వాళ్ల ఇంటికి ఉత్త కావలి. తెల్లారి పనికి పోలేకపోతే ఆ రోజు కూలీ పాయె. ఇది వెట్టి కాకపోతే ఏమిటి?

మూడు వందల ఇండ్ల ఊరు అనుకుందాం. రాత్రికి ఆరుగురు కావలి. పది నుండి రెండింటిదాకా ముగ్గురు, రెండు నుండి తెల్లారే ఐదింటిదాకా ముగ్గురు. ఇంటికొకరు వంతున వస్తే ఒక ఇంటికి యాభై రోజులకు ఒక్కసారి వంతు వస్తుంది. ఇది భారం కాదు. కాని భూస్వామి ఇల్లు, వ్యాపారి ఇల్లు, మాజీ ప్రజాప్రతినిధి ఇల్లు కూడా వంతులో ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. రాలేనివాడు ఒక రోజు కూలీ కట్టాలి. ఆ పైసలు కావలి ఉన్న కూలీకి అందాలి. ఒంటరి ఆడమనిషి, ముసలివాళ్లు మాత్రమే ఉన్న ఇండ్లకు మినహాయింపు ఇవ్వాలి, కావలి మాత్రం మొదట ఆ ఇండ్లకే ఉండాలి.

సీసీ కెమెరాలు పెట్టుకొమ్మని, చందాలు వేసుకొమ్మని పోలీసులు ఊరూరా చెప్తున్నారు. పెట్టుకోవచ్చు. కాని ఇంటికింత అని చందా వేస్తే బంగ్లాకూ గుడిసెకూ ఒకే లెక్క అవుతుంది. భూమిని బట్టి, ఆస్తిని బట్టి వేయాలి. ప్రధాన బజారులో నాలుగు కెమెరాలు పెట్టి దళితవాడ మొగదలలో వీధిదీపం లేకుండా వదిలేస్తే ఊరు భద్రమైనట్లు కాదు. పైగా కెమెరా చూస్తుంది గాని కేకవేయదు.

సంఘం చేయవలసిన పనులు

గ్రామపంచాయతీలకు 2024 ఫిబ్రవరి నుండి రెండేళ్లకు దగ్గరగా పాలకవర్గాలు లేవు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చినారు. ఇక అడగడానికి మనిషి ఉన్నాడు. వ్యవసాయ కార్మిక సంఘం, రైతు సంఘం కార్యకర్తలు ముందుపడి గ్రామసభ పెట్టించాలి. ఆ సభలో ఈ సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, కావలి వంతులు కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అతికించాలి. ఎవరి పేరు లేదో ఊరంతా చూస్తుంది.

రెండోది, కావలి ఉన్నవాళ్ల చేతిలో ఈల, టార్చిలైటు, ఒక నోటుపుస్తకం ఉండాలి. రాత్రి వచ్చిన బండి నంబరు, వేళ రాసుకోవాలి. అనుమానం వస్తే ఈల వేయాలి, పదిమందిని లేపాలి, 100కు గాని 112కు గాని ఫోను చేయాలి. తాగినవాడిని ఆ రాత్రి కావలికి రానివ్వరాదు.

మూడోది, కండ్లముందు దొంగతనం చేస్తూ దొరికిన మనిషిని పట్టుకునే హక్కు చట్టం ఇచ్చింది. కాని ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపల, పోలీసులకు అప్పగించి తీరాలి. కొట్టే హక్కు ఎవరికీ లేదు. చెట్టుకు కట్టేసి ఫోటోలు తీసి పంపే హక్కు అసలే లేదు.

నాలుగోది, గుడారాలు వేసినవాళ్ల దగ్గరకు, బయటి కూలీల దగ్గరకు కర్రతో కాదు, మాటతో పోవాలి. ఎక్కడినుండి వచ్చిండ్రు, ఎన్నాళ్లుంటరు అని మర్యాదగా అడిగి, వాళ్లలో ఇద్దరిని కూడా కావలి వంతులో కలుపుకోవాలి. వాళ్ల గిన్నె చెంబూ కూడా దొంగకు భయపడేవే.

ఐదోది, దొంగసొత్తు కొనేవాడి మీద కన్ను పెట్టాలి. రాగి తీగ కొనే తుక్కు వ్యాపారి లేకుంటే ట్రాన్స్‌ఫార్మర్ పగులగొట్టేవాడు ఉండడు. రసీదు లేని బంగారం కరిగించేవాడు లేకుంటే తాళం పగలదు. దొంగసొత్తు అని తెలిసీ కొంటే నేరమని న్యాయ సంహిత 317 చెప్తున్నది. దర్యాప్తు గుడారం దగ్గర ఆగిపోకుండా తుక్కు దుకాణం దాకా పోవాలని సంఘం అడగాలి.

ఆరోది, వీధిదీపాలు. ఇది పంచాయతీ చేయవలసిన పని. చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నియమం ఉన్నది. మార్చకుంటే రైతులంతా కలిసి సబ్‌స్టేషను ముందు కూర్చోవాలి.

ఊరు ఇట్లా ఒక్కసారి కావలికి అలవాటుపడితే అది రాత్రి దొంగతోనే ఆగదు. కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో బస్తాకు కిలోలు కోసేచోట కూడా నోటుపుస్తకం పట్టుకొని నిలబడుతుంది. దొంగ పాసుపోర్టు కాగితాలతో గల్ఫుకు పంపే ఏజెంటును వాకిట్లోనే నిలదీస్తుంది. పట్టపగలు జరిగే దోపిడీకి ఈల వేసేవాళ్లు ఇప్పటిదాకా తక్కువ.

దొంగ భయం మనుషులను రెండు విధాల చేస్తుంది. ఎవరి తలుపు వాళ్లు మూసుకొని, పక్కవాడినీ అనుమానించే ఊరు ఒకటి. వంతులు వేసుకొని, ఒకరి ఇంటిని ఒకరు కాచే ఊరు ఇంకొకటి. మొదటి ఊళ్లో దొంగ పడకపోయినా నిద్ర ఉండదు. రెండో ఊళ్లో కూలీ మనిషి పొద్దున పనికి పోతూ తాళంచెవి పక్కింటి అవ్వ చేతిలో పెట్టి పోతాడు. మన బీర్పూర్, మన కొల్వాయి, మన తుంగూరు ఆ రెండో ఊళ్లు కావాలె. గ్రామసభకు తేదీ పెట్టండి. డప్పు కొట్టించండి.